డ్రమ్స్ మీద డెస్సీ లేకపోతే

ఉత్తర ఇంగ్లండ్ ఊరు ఏక్రింగ్టన్‌లో దేవుణ్ణి తిట్టినా ఊరుకునేవాళ్లున్నారు గానీ, వీవర్స్ పబ్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని సాల్ట్ లేన్ అనే తమ వైపు బ్యాండు మూడో ఆల్బమ్ బాగుందంటే ఊరుకునేవాడు మాత్రం లేడు. ఆ ఆల్బమ్ లండన్‌లో చేశారు. అందులో వయొలిన్లున్నాయి. ఆ రెండు నేరాలకూ ఆ బల్ల దగ్గర క్షమాపణ లేదు.

ఆ బల్లకు పెద్దమనిషి డారెన్ పిల్లింగ్. యాభై దాటాడు, టైర్ల షెడ్డులో పని, పెళ్లాం ఎప్పుడో వెళ్లిపోయింది. ఊళ్లో అతనికి వేరే పరపతేమీ లేదు. ఉన్నదల్లా చెవి. వయసులో ఉన్నప్పుడు రేడియోలో రెండు దెబ్బలు పడగానే డ్రమ్స్ మీద ఉన్నదెవరో చెప్పేవాడు. పందెం కాసినవాళ్లు అతనికి బీరు పోయించీ పోయించీ చివరికి పందేలే మానేశారు. తొంభైల్లో ఈ చుట్టుపక్కల ఏ హాల్లో ఏ బ్యాండు వాయించినా స్పీకరు పక్కన నిలబడి ఉండేది అతనే. ఆ నిలబడ్డందుకు ఫలితం కూడా దక్కింది. నాలుగేళ్ల కిందట ఎడమ చెవి పూర్తిగా పోయింది. అప్పట్నుంచి కుడి చెవి జనం వైపు పెట్టుకుని, గోడవైపు కుర్చీలో కూర్చుంటున్నాడు.

ఎదుటి కుర్చీ గావిన్ ఎంట్విజిల్‌ది. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఇప్పుడు పోస్ట్‌మన్. డారెన్ అవునన్న ప్రతిదాన్నీ కాదనడమే జీవితాశయంగా పెట్టుకున్న మనిషి. మూడో మనిషి పబ్ నడిపే జానీన్. కోల్చెస్టర్ నుంచి కోడలుగా వచ్చి ముప్పై ఏళ్లయింది. మొగుడు పోయాడు, పబ్ మిగిలింది. అయినా వీళ్ల దృష్టిలో ఆమె ఇప్పటికీ దక్షిణాది పరాయి పిల్లే. ఎందుకంటే వీళ్లకు గిట్టని బ్లర్ బ్యాండు వాళ్లదీ కోల్చెస్టరే.

ఆ అక్టోబరు శనివారం కూడా గొడవ మామూలుగానే తొంభై ఐదు ఆగస్టు దగ్గరే మొదలైంది. మాంచెస్టర్ ఒయాసిస్, దక్షిణాది బ్లర్ ఒకే రోజు చెరో పాటా విడుదల చేసి తలపడితే, బ్లర్ పాట ఎక్కువ అమ్ముడుపోయిన నెల అది.

"గెలిచిందెవరు నాయనా? నాకు కాస్త మతిమరుపు, చెప్పండి," అంది జానీన్, గ్లాసులు తీస్తూ.

"అమ్ముడుపోవడం గెలవడం కాదమ్మా. బర్గర్లు కూడా అమ్ముడుపోతాయి," అన్నాడు డారెన్.

"ఓడినవాడు చెప్పే మాటే అది," అన్నాడు గావిన్.

"నువ్వెవరి వైపురా అసలు?"

"నీకు ఎదురువైపు. ఇన్నేళ్లయినా అర్థం కాలేదా?"

గావిన్ జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టిన తీరు చూస్తేనే తెలిసిపోయింది, ఏదో దాచుకుని వచ్చాడని. "విడిపోయిన ఒయాసిస్ మళ్లీ కలిసింది. పల్ప్ ఎప్పుడో కలిసింది. ఎవరెవరో కలిశారు. ఇదిగో, ఇప్పుడు మనవాళ్లు."

సాల్ట్ లేన్ మళ్లీ కలుస్తోంది. జూలైలో మాంచెస్టర్ పార్కులో పెద్ద కచేరీ. దానికి ముందు, చేతులు సవరించుకోవడానికి, నవంబర్‌లో ఒకే ఒక్క సాయంత్రం బ్లాక్‌బర్న్‌లో పాత డాన్స్ హాల్లో. పట్టేది కొద్దిమందే కాబట్టి టికెట్లు లాటరీ తీసి ఇస్తారు.

డారెన్ ఫోను దగ్గరికి లాక్కుని రెండుసార్లు చదివాడు. మొహం వెలిగింది. మూడోసారి చదివేటప్పుడు ఆరిపోయింది.

"డ్రమ్స్ మీద డెస్సీ లేడు."

"భుజానికి ఆపరేషన్ అయిందటరా. జూలైకి వచ్చేస్తాడని రాశారుగా కింద. నవంబర్‌లో ఒక్కసారికి ఎవరో అమ్మాయి వాయిస్తుంది. ఫ్రాన్ అట. ఇరవై ఆరేళ్లు."

"మనం తాగి గంతులేసేటప్పటికి అది పుట్టనే లేదు."

"పుట్టకపోతే వాయించకూడదా?" అంది జానీన్.

డారెన్ గ్లాసు పక్కకు జరిపాడు. అతను గ్లాసు పక్కకు జరిపాడంటే ఇక ఉపన్యాసమే. "చూడమ్మా. గిటారువాడు పోతే ఇంకో గిటారువాడు వస్తాడు. పాడేవాడు పోతే తిట్టుకుంటూనైనా వింటాం. డ్రమ్మరు మారాడా, బ్యాండు నడకే మారిపోతుంది. డెస్సీ దెబ్బ సమయానికి పడదు. వెంట్రుకవాసి ఆగి పడుతుంది. ఇక రాదేమో అని నీ గుండె ఒక్కసారి జారాక వచ్చి పడుతుంది. అది నేర్పితే వచ్చేది కాదు. డ్రమ్స్ మీద డెస్సీ లేకపోతే అది సాల్ట్ లేన్ కాదు. సాల్ట్ లేన్ బట్టలేసుకున్న బ్యాండు మేళం."

"మొదలెట్టాడు," అన్నాడు గావిన్. అనడమైతే అన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. పదిహేనేళ్ల కిందట గావిన్ లీడ్స్ వెళ్లి, డ్రమ్మరు మారిన ఏదో పాత బ్యాండును చూసి కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చాడు. అప్పట్నుంచి డారెన్ అతన్ని 'మేళగాడు' అని పిలుస్తున్నాడు. పుట్టినరోజు కార్డు మీద కూడా అదే రాస్తాడు.

డారెన్ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అంతకు కొద్దిరోజుల ముందే అతను ఆసుపత్రికి వెళ్లి వచ్చాడు. కుడి చెవి కూడా పోతోంది. లోపలి నరం చచ్చిపోతోందని, మందు లేదని, మిషను పెట్టినా కొంతకాలమేనని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఎంతకాలం అని అడిగాడు. వేసవి దాకా, అంటే జూలై దాకా, ఉండొచ్చు, ఉండకపోవచ్చు అంది. మనిషన్నవాడు రెండు మాటల్లో తనకు కావలసినదే ఇంటికి తెచ్చుకుంటాడు. డారెన్ 'ఉండొచ్చు'ను తెచ్చుకున్నాడు.

గావిన్‌కు చెప్పకపోవడానికి కారణం సిగ్గే. చెవి లేని పెద్దమనిషి తీర్పు ఎవరు వింటారు? ఆ బల్ల దగ్గర అతనికున్న కుర్చీ ఆ చెవిదే. అది పోయిందని తెలిస్తే జాలిపడతారు. వాళ్లు జాలిపడటం మొదలెడితే తను ఆ పబ్ గడప తొక్కడం ఎలా అన్నదే అతని బెంగ.

లాటరీలో గావిన్‌కు రెండు టికెట్లు తగిలాయి.

"ఒకటి నీది," అన్నాడు మరుసటి శనివారం. కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట మీద చేతులు కట్టుకుని, మొహంలో పదిహేనేళ్ల బాకీ. "కాకపోతే అడగాలి. నాకేం పెద్ద కోరికల్లేవు. 'గావిన్, నేనూ వస్తాను, డ్రమ్స్ మీద ఎవరున్నా నాకు పర్లేదు' అని ఈ బల్ల ముందు ఒక్కసారి అను. జానీన్ సాక్షి."

"చావనైనా చస్తాను."

"అది మాత్రం ఉచితం, ఎప్పుడైనా చావొచ్చు. టికెట్ మాత్రం నవంబర్‌కే."

"జానీన్‌ని తీసుకుపో. పరాయిపిల్లకి మంచి చెడూ ఎలాగూ తెలీదు. నేను జూలైలో అసలుది వింటా."

"తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నిన్ను మార్చడం ఆ దేవుడి తరం కూడా కాదు," అన్నాడు గావిన్. ఆ క్షణంలో అతనికి కాస్త బాధ కూడా వేసింది. డారెన్ రెండు తిట్లు తిట్టి టికెట్ లాక్కుంటాడనే అనుకున్నాడు పాపం.

ఆ వారమంతా డారెన్‌కు మనసు మనసులో లేదు. షెడ్డులో నట్లు బిగిస్తున్నా అదే ధ్యాస. ఆదివారం ఇంట్లో రెండో ఆల్బమ్ రికార్డు పెట్టి, కుర్చీ లాక్కుని, కుడి చెవి స్పీకరుకు ఆనించి విన్నాడు. గొంతు వినిపిస్తోంది. బేస్ వినిపిస్తోంది. డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళాల చప్పుడు మాత్రం లేదు. ఉండవలసిన చోట అవి లేవు.  వెంటనే వెళ్లి గావిన్ కాళ్లు పట్టుకుని అయినా ఆ టికెట్ తీసుకుందామనుకుని కోటు కూడా తొడుక్కున్నాడు.

కోటు తొడుక్కుని, కూర్చుని, లెక్క వేశాడు. మిగిలిన చెవి కొంచెమే. దానితో సాల్ట్ లేన్‌ను వినగలిగేది ఒక్కసారే కావొచ్చు. ఆ ఒక్కసారీ నకిలీ సరుకు మీద ఖర్చుపెడితే? చెవి మూసుకుపోయాక జన్మంతా లోపల మోగవలసింది డెస్సీ దెబ్బా, ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల దెబ్బా? చివరిగా వినేది అసలైనదే అయి ఉండాలి. జూలై దాకా చెవిని దాచుకోవాలి. ఇంతకన్నా తెలివితక్కువ లెక్క ఏక్రింగ్టన్‌లో ఇంకెవరూ వేసి ఉండరు. ఆకలితో ఉన్నవాడు ఎదురుగా ఉన్న అన్నం వదిలి, ఎనిమిది నెలల తర్వాత పెళ్లి భోజనం ఉందని నిద్రపోవడం లాంటిది. కానీ ఆ జాతి మనుషులకు అది లెక్క కాదు, నిష్ఠ. అతను కోటు విప్పేసి దాని మేకుకు తగిలించాడు.

కచేరీ రోజు నాలుగింటికే చీకటి పడుతూ చినుకులు మొదలయ్యాయి. గావిన్ కారు డారెన్ ఇంటి ముందు ఆగింది. తలుపు కొట్టాడు. డారెన్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికి వచ్చాడు.

"ఏమీ అనక్కర్లేదురా. ఎవరి ముందూ ఏమీ అనక్కర్లేదు," అన్నాడు గావిన్, వానలో తడుస్తూ. "జానీన్‌తో మాట్లాడాను. ఆమె టికెట్ నీకిచ్చేస్తానంది. ఈ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తను. ఎక్కు."

డారెన్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. కాలు ఒక మెట్టు దిగింది కూడా. చెప్పేస్తే చాలు, చెవి పోతోందిరా అని ఒక్క మాట. గావిన్ అతన్ని ఎత్తుకుని కారులో పడేసేవాడు.

"డెస్సీ లేడుగా," అన్నాడు.

గావిన్ మొహం మీది వాన తుడుచుకున్నాడు. "నీ ఖర్మ," అని కారెక్కాడు. డారెన్ తలుపు వేసుకుని, సాయంత్రమంతా టీవీ పెట్టకుండా కూర్చున్నాడు. బ్లాక్‌బర్న్ అక్కడికి ఎంతో దూరం కాదు.

తర్వాతి శనివారం గావిన్ మాట్లాడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు. జానీన్ ప్రయత్నించలేదు.

"నాకు మీ సాల్ట్ లేన్ అంటే అంత ఇదేం లేదని మీకు తెలుసుగా. అయినా చెప్తున్నా, ఆ పిల్ల వాయిస్తుంటే నేను ఏడ్చాను. నా పక్కనాయన, ఇంత లావున్నాడు, ఆయనా ఏడ్చాడు."

"కొత్తవాళ్లు జోరుగానే వాయిస్తారమ్మా. జోరు వేరు," అన్నాడు డారెన్.

"జోరు కాదురా," అన్నాడు గావిన్ మెల్లగా. "ఆగి వేసింది. వాడిలాగే. వాడి రికార్డులన్నీ చిన్నప్పట్నుంచీ విని నేర్చుకుందట. కళ్లు మూసుకుంటే తేడా తెలీలేదు."

"నీకు తెలియదు. నీకు లీడ్స్‌లోనూ తెలియలేదు."

"నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే," అని గావిన్ విసుక్కుని లేచి బీరు తేవడానికి వెళ్లాడు.

డారెన్ నవ్వాడు. అందరికన్నా ముందు అతనే నవ్వాడు. జానీన్ తన ఫోనులో తీసుకున్న పాట ముక్క వినిపిస్తానంటే కుడి చెవికి ఆనించుకుని విన్నాడు. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది. అది ఫోను తప్పో చెవి తప్పో అతనికి తెలియలేదు. "చూశావా, చెప్పలా," అని తిరిగిచ్చేశాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడి నోరు ఆడిస్తోంది. మొహం చూస్తే తిడుతోందని తెలుస్తోంది, మాట మాత్రం ఒక్కటీ రావడం లేదు. చివరికి ఆమె లోపలికి వచ్చి వేలు పెట్టి చూపించింది. రేడియో గొంతు పూర్తిగా పెంచేసి ఉంది. గంట నుంచి గోడ బాదుతోందట. డారెన్ డాక్టరమ్మ ఇచ్చిన మిషను చెవిలో సర్ది చూశాడు, తీసి చూశాడు, బ్యాటరీ మార్చి చూశాడు. తర్వాత రేడియో ఆపేసి, ఆమెకు క్షమాపణ చెప్పాడు. తన గొంతు తనకే వినిపించలేదు.

డాక్టరమ్మ ఈసారి ప్రశ్నలూ జవాబులూ రాసి చూపించింది. సెప్టెంబర్‌లో తలలో మిషను అమర్చవచ్చు. సాధన చేస్తే మాటలు అర్థమవుతాయి. సంగీతం సంగతి అని అతను అడిగితే ఆమె కలం పట్టుకుని ఆలోచించింది. దాని మీద ఆశ పెట్టుకోకండి, అని రాసింది.

గావిన్‌కు ఆ శనివారం చెప్పాడు. బీరు గ్లాసు కింద పెట్టే అట్ట మీద గావిన్ ఒక్క ప్రశ్న రాశాడు. నవంబర్‌లోనే నీకిది తెలుసా?

"తెలుసు," అన్నాడు డారెన్.

గావిన్ అట్టను మళ్లీ తన ముందుకు లాక్కున్నాడు. తర్వాత దాని మీదే 'దరిద్రుడా' అని రాసి అతని ముందుకు తోసి, లేచి బయటికి వెళ్లాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. ఎప్పుడో మానేసిన సిగరెట్టు ఎవరినో అడిగి తీసుకుని, వెలిగించడానికి నాలుగు అగ్గిపుల్లలు పాడుచేశాడు. లోపలికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక్కగానొక్క స్నేహితుడు నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ కోపం గావిన్‌కు ఇప్పటికీ తీరలేదు, తీరదు కూడా.

అయినా జూలైలో వెళ్లారు. వద్దని జానీన్ అంది. టికెట్ ఉంది, డెస్సీ ఉన్నాడు, ఎలా మానతాను అన్నాడు డారెన్. పైకి అనలేదు గానీ లోపల ఇంకా ఆశ ఉంది. అంత పెద్ద స్పీకర్లు, అంత పార్కు దద్దరిల్లే చప్పుడు. ఒక్క సందులోంచి ఒక్క దెబ్బ లోపలికి రాదా అని.

మాంచెస్టర్‌లో వాన వచ్చి వెలిసి మళ్లీ వచ్చింది. గుండ్రటి గుడ్డ టోపీలు పెట్టుకున్న బట్టతలలు, తండ్రుల భుజాల మీద పిల్లలు, ప్లాస్టిక్ గ్లాసుల్లో బీరు, కాళ్ల కింద బురద. గావిన్ భుజాలతో తోసుకుంటూ అతన్ని వేదిక ముందు దాకా తీసుకెళ్లాడు. ఎప్పటిలాగే స్పీకరు పక్కన నిలబెట్టాడు. ఇక పోయేదేముంది.

వేదిక మీదికి సాల్ట్ లేన్ నలుగురూ వచ్చారు. పార్కంతా చేతులెత్తింది. డారెన్‌కు పళ్లలో ఏదో వణుకు తెలిసింది. ఇంటి ముందు లారీ ఇంజను ఆపకుండా నిలబెడితే కిటికీ అద్దం వణుకుతుందే, అంతే. అందులో దెబ్బ లేదు, గిటారు లేదు, పాట లేదు. మిషను పూర్తిగా పెంచితే వణుకు గీరుడులా మారింది. ఏ పాట వాయిస్తున్నారో జనం పెదాలు చూసి పోల్చుకోవలసి వచ్చింది. పోల్చుకుని తనూ గొంతు కలిపాడు. ముందు నిలబడ్డ ఒక అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ఇంకో అబ్బాయి కూడా తిరిగాడు. జనం వేరే చరణంలో ఉన్నారని అర్థమై నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత తెరవలేదు.

చెవి లేకపోతేనేం, కళ్లున్నాయిగా అని డెస్సీనే చూస్తూ నిలబడ్డాడు. పక్కన పెద్ద తెర మీద కూడా అతనే. ఒళ్లు వచ్చింది, జుట్టు తెల్లబడింది, ఆపరేషనైన భుజం రెండోదానికన్నా కిందికి ఉంది. కర్ర లేస్తోంది, ఆగుతోంది, పడుతోంది. ఆగి పడుతోంది.  అదే, అదే ఆగడం. అంతలో అనుమానం వచ్చింది. ఆ ఆగడం విద్యా, వయసా? కావాలని ఆగుతున్నాడా, చెయ్యి లేవక ఆగుతున్నాడా? ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా వెంట్రుకవాసి. దాన్ని చెవితో తప్ప కంటితో చూసినవాడు లేడు. ఒకప్పుడు రెండు దెబ్బల్లో చెప్పేవాడు. ఇప్పుడు పాట మొత్తం కళ్లారా చూసినా చెప్పలేకపోతున్నాడు.

అప్పుడు గావిన్ వైపు చూశాడు. గావిన్ తనను ఎవరూ చూడటం లేదనుకున్నాడు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి, మొహంలో నొప్పి. వేదిక మీద పాడేవాడు కూడా పాట మధ్యలో వెనక్కి తిరిగి డెస్సీని చూశాడు. మళ్లీ చూశాడు. ముందు వరసలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు తిప్పుకున్నారు.

గావిన్‌కు డారెన్ చూపు తగిలింది. వెంటనే మొహం సరిచేసుకుని, ఫోను తీసి, వానకు చెయ్యి అడ్డం పెట్టి ఏదో రాసి చూపించాడు. అచ్చం తొంభై ఆరులాగే ఉందిరా. నువ్వు చెప్పిందే నిజం, ఆ పిల్ల ఎందుకూ పనికిరాదు.

డారెన్ చదివాడు. బొటనవేలు ఎత్తి చూపించాడు. కచేరీ అయ్యేదాకా ఇద్దరూ నవ్వు మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ ఏదో వాదించుకుంటున్నారు. డెస్సీ గురించే అయి ఉంటుంది. డారెన్ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

తర్వాతి శనివారం బల్ల దగ్గర ముగ్గురూ ఉన్నారు. డారెన్‌ను ఇప్పుడు గోడవైపు కాకుండా వెలుతురు వైపు కూర్చోబెడుతున్నారు, పెదాలు కనబడాలని. జానీన్ అతనితో ఏది చెప్పినా నోరు పెద్దగా తెరిచి, చిన్నపిల్లవాడికి అన్నం తినిపిస్తున్నట్టు చెబుతోంది. బీరు అడక్కముందే వస్తోంది. కూర్చున్నప్పటి నుంచీ ఎవరూ ఎవరినీ మేళగాడు అనలేదు. తొంభై ఐదు ఆగస్టు ఊసే ఎత్తలేదు. వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు, ఆ బల్ల దగ్గర.

వాళ్లు మంచివాళ్లే. ఆ మంచితనం డారెన్‌కు ఊపిరాడనివ్వడం లేదు. బూడిద కెలికి చూస్తే ఇంకా నిప్పుందేమో అనుకున్నాడు. గ్లాసు పక్కకు జరిపాడు.

"ఒక మాట చెప్పనా," అన్నాడు. గొంతు అదుపు తెలియక గట్టిగా వచ్చింది. బారు దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. "డ్రమ్స్ ఎవరు వాయిస్తే ఏంట్రా? డెస్సీ అయితేనేం, ఇంకెవరైతేనేం. అంతా ఒకటే. ఇన్నేళ్లూ మనం ఊరికే కొట్టుకు చచ్చాం."

చెప్పి, గావిన్ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు గావిన్ బల్ల మీద గుద్దాలి. ద్రోహీ అనాలి, లీడ్స్ ఎత్తాలి, పదిహేనేళ్లు నన్ను ఏడిపించి ఇప్పుడా ఈ మాట అని మీదికి రావాలి. డెస్సీ డెస్సీయే, నువ్వు ఆ నవంబర్ వదులుకున్నది ఊరికే కాదు అని అరవాలి. ఎవరో ఒకరు అలా అనకపోతే తను వదులుకున్నదానికి అర్థం లేకుండా పోతుంది. డారెన్ చేతులు రెండూ తీసి బల్ల కింద పెట్టుకున్నాడు.

గావిన్ జానీన్ వైపు చూశాడు. జానీన్ తల వంచుకుని బల్ల తుడిచింది. గావిన్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, అతని భుజం మీద చెయ్యి వేసి, పెదాలు చదవడానికి వీలుగా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"నువ్వు చెప్పింది నిజమేరా."

ఆ బల్ల దగ్గర డారెన్ మాటను గావిన్ కాదనకపోవడం అదే మొదటిసారి.